నాలుగు స్లీపర్ల వెనక

అవ్రామ్ మొక్క నాటడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. గుంట తీస్తాడు, మొక్క నిలబెడతాడు, మట్టి పోస్తాడు. అంతవరకు అందరిలాగే. ఆ తర్వాత చుట్టుపక్కల రాళ్లు ఏరుకొచ్చి మొక్క మొదలు చుట్టూ దిగ్గొడతాడు, బూటు మడమతో ధనాధనా తొక్కుతాడు. చివరికి వంగి, వేలెడు లావైనా లేని ఆ అకేషియా కాడను వేలి కణుపులతో రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి వింటాడు. ఏం వినపడుతుందో ఆయనకే తెలియాలి.

ఆయన తప్పు కూడా కాదు లెండి. ముప్పై రెండేళ్లు మా గనిలో దుంగలు నిలబెట్టాడు. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా కింద ఓ దుంగ పెట్టి, సందుల్లో చీలికలు దిగ్గొట్టి, తట్టి చూస్తారు. గట్టిగా పలికితే బరువు మోస్తున్నట్టు, బొదబొదమంటే వదులుగా ఉన్నట్టు. అలవాటు పడిన చెయ్యి ఊరుకుంటుందా? గని మూసేసి నాలుగేళ్లయింది. ఇప్పుడు చేతికి పార ఇచ్చి పైన చెట్లు పెంచమంటే, కింద చేసిన పనే పైనా చేస్తున్నాడు.

"అవ్రామ్ బాబాయ్, అది మొక్క. ఏ కప్పునీ మొయ్యక్కర్లేదు. దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు" అని ఇంజనీరమ్మ ఒవానా రోజుకు పదిసార్లు చెబుతుంది. అడవుల చదువు చదివొచ్చిన పిల్ల, ముప్పై కూడా ఉండవు. ఎనిమిది మంది పాత గని కార్మికులను ఆమె చేతిలో పెట్టారు. పాపం, ఎలా నెగ్గుకొస్తోందో గానీ.

"వదులుగా ఉంటే పడిపోతుందమ్మా."

"పడదు. వేరు పట్టుకుంటుంది."

"ఎప్పుడు?"

"వచ్చే ఏడాదికి."

"అందాకా?" అంటాడు అవ్రామ్ బిక్కమొహం వేసి. కింద అయితే దుంగ ఏడాది తర్వాత పట్టుకుంటుందని ఎవరూ వదిలెయ్యరు మరి. ఈ పైలోకపు లెక్కలు ఆయనకు అర్థం కావు. వేరంటే ఏమిటో, అది ఏ క్షణాన పట్టుకుంటుందో, ఎలా తెలుస్తుందో అడుగుదామనుకుంటాడు, మళ్లీ నలుగురూ నవ్వుతారని మానేస్తాడు.

వాళ్లు మొక్కలు నాటుతున్న ఆ నేల ఒకప్పుడు ఆవులు మేసిన పచ్చిక బయలు. కింద బొగ్గంతా తోడేస్తే పైన నేల మెల్లగా కుంగింది. మొదట ఫుట్‌బాల్ మైదానం అంచున పగుళ్లు, తర్వాత కంచె ఒరగడం, ఆ తర్వాత నీళ్లు. మూడేళ్లలో అది చెరువైపోయింది. పాతికేళ్లు అందులో కప్పలూ రెల్లుగడ్డీ తప్ప ఏమీ లేవు. గని మూశాక నీళ్లు తోడి, గని లోంచి వచ్చిన రాయే లారీల కొద్దీ పోసి పూడ్చారు. పైన మోకాలి లోతు మట్టి పరిచారు. ఇప్పుడు అకేషియాలు, కొండవాలున ముళ్లపొదలు నాటుతున్నారు. శుక్రవారానికి నాటడం అయిపోవాలి. శనివారం నుంచి మేకలు పడకుండా చుట్టూ కంచె. ఆ తర్వాత మూడేళ్లు లోపల అడుగు పెట్టడానికి ఎవరికీ వీల్లేదు. వంద మొక్కల్లో ఎనభై బతికితేనే పని పాసయినట్టు.

ఆదివారం మధ్యాహ్నం అవ్రామ్ మొక్కజొన్న సంకటి ముద్దను పుల్లటి చారులో ముంచుకుంటుంటే, భార్య రఫీలా గరిటె బల్లమీద పెట్టి ఎదురుగా కూచుంది. ఆమె ఎదురుగా కూచుందంటే మామూలు విషయం కాదు. మామూలు విషయాలు నిలబడే తిడుతుంది.

"ఇన్నాళ్లూ నీళ్లన్నావు. ఇప్పుడు నేలొచ్చిందిగా" అంది.

"వచ్చింది."

"మరి చూపించు. మా తమ్ముడు ఎక్కడున్నాడు?"

అవ్రామ్ సంకటి ముద్దను తిరిగి గిన్నెలో పెట్టేశాడు.

రఫీలా తమ్ముడు మీరోన్. అవ్రామ్ జోడీ. అవ్రామ్ పందొమ్మిదేళ్లప్పుడు దూరాన మొల్దావియా మైదానాల్లోంచి చెక్కపెట్టె మోసుకుని మా జియూ బొగ్గు లోయలో దిగితే, మొదటి రోజు హెల్మెట్ దీపం ఎలా బిగించుకోవాలో నేర్పినవాడు అతడే. వయసులో రెండేళ్లు చిన్నవాడైనా, ఈ లోయలో పుట్టినవాడు కాబట్టి పెద్దరికం అతడిదే. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఓ శరత్కాలపు పగటి షిఫ్టులో కప్పు కూలింది. అవ్రామ్ బయటికొచ్చాడు, మీరోన్ రాలేదు. వెనకాలే నిప్పు అంటుకుంది. నాలుగు రోజులు ప్రయత్నించి, ఇక లాభం లేదని ఆ సొరంగానికి గోడ కట్టేశారు. మీరోన్‌కు అప్పటికి ఇరవై రెండు, పెళ్లి కాలేదు. రెండేళ్లు తిరక్కుండా అవ్రామ్ రఫీలాను చేసుకున్నాడు. జాలిపడి చేసుకున్నాడన్నారు కొందరు, భయపడి చేసుకున్నాడన్నారు మరికొందరు. నన్నడిగితే ఆమె నోటికి దడిసి ఇంకెవరూ ముందుకు రాలేదంటాను. కానీ కాపురం బాగానే సాగింది.

మా దగ్గర పెళ్లికాని కుర్రాడు పోతే సమాధి దగ్గర దేవదారు నిలపాలి. అది వాడి పెళ్లి. రిబ్బన్లు కడతారు, రుమాలు కడతారు, తల దగ్గర నిలబెడతారు. మీరోన్‌కు సమాధి లేదు కాబట్టి దేవదారూ లేదు. వాళ్లమ్మ చచ్చేదాకా అదే పాట: "నా కొడుకు పెళ్లి కాకుండానే ఉండిపోయాడు." నేల లేదు కదమ్మా, నీళ్లు కదా పైన అని సర్దిచెప్పేవాళ్లు. ఇప్పుడు నేలొచ్చింది. వచ్చే శనివారమే పోయినవాళ్ల శనివారం. చర్చిలో ఉడికించిన గోధుమలు పంచి, పేరు పేరునా తలుచుకునే రోజు. ఆ శనివారమే కంచె కూడా పడుతుంది.

"శుక్రవారం లోపు వాడి తల దగ్గర దేవదారు నిలబడాలి" అంది రఫీలా. "నువ్వొక్కడివే చూశావు. నువ్వే చెప్పాలి."

"చెప్పాను కదే ఎన్నోసార్లు. పనిముట్ల పెట్టె దగ్గర నేను. పెట్టె మీద చెయ్యేసి వెనక్కి తిరిగాను. నాలుగు స్లీపర్ల వెనక వాడి దీపం కనపడింది. అంతలో చీకటైపోయింది."

"ఆ మాట వెయ్యిసార్లు విన్నాలే. ఆ పెట్టె ఎక్కడుంది? పైనుంచి చూపించు."

చూపించడానికి ఏముంది? ముప్పై రెండేళ్లు కింద తిరిగాడు గానీ, ఏ రోజూ తన నెత్తిమీద ఏముందో అవ్రామ్ ఆలోచించలేదు. చర్చి ఉందో, పందుల పాక ఉందో, ఎవరికి కావాలి? కింద ఒక ఊరు, పైన ఒక ఊరు. రెంటికీ మధ్య మనుషుల్ని దించే ఇనుప బోను ఎక్కి దిగడం తప్ప చుట్టరికం లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది, అది రఫీలాకు చెప్పలేదు. ఆ నాలుగు స్లీపర్ల కథను ఆయన పోలీసులకు చెప్పాడు, పాద్రీకి చెప్పాడు, అత్తగారికి చెప్పాడు, సారా కొట్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పీ చెప్పీ ఇప్పుడు తనకు గుర్తున్నది చూసిందో, చెప్పిందో కూడా తెలియడం లేదు. దీపం ఎడమకు ఒరిగిందని ఒక్కోసారి చెప్పేవాడు. అసలు కదలలేదని ఇంకోసారి చెప్పేవాడు. ఏది నిజమని ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది.

అయితే ఒక్క అంకె మాత్రం గట్టిగా తెలుసు. గనిలో కనపడేది దీపం పడినంత మేరే, అంటే కాళ్ల ముందు నేల. బొగ్గు బండ్ల పట్టాల కింద వరుసగా అడ్డదుంగలు, అవే స్లీపర్లు. ఒక స్లీపర్ మీంచి ఇంకో స్లీపర్ మీదికి అడుగేసుకుంటూ పోవాలి, మధ్యలో అంతా నీళ్లూ బురదా. లెక్కపెట్టినవాడికి తానెక్కడున్నాడో తెలుస్తుంది, లెక్కపెట్టనివాడికి దేవుడే దిక్కు. బోను దిగిన చోటు నుంచి పనిముట్ల పెట్టెకి వెయ్యిన్నూట నలభై స్లీపర్లు. సొరంగం సూటిగా ఉంటుంది, మలుపు లేదు. నిద్రలో లేపి అడిగినా అవ్రామ్ ఆ అంకె చెబుతాడు.

సోమవారం పని అయ్యాక బోను గొయ్యి దగ్గరికి పోయాడు. ఇప్పుడక్కడ కాంక్రీటు మూత, దానిమీద మూసేసిన సంవత్సరం రాసి ఉంది. దానికి వీపు పెట్టి నిలబడి, కొండమీది పాత పొగగొట్టం వైపు చూసి, "ఒకటి" అని మొదలుపెట్టాడు. గని ఆవరణ దాటాడు, ఫుట్‌బాల్ మైదానం దాటాడు, ఎవరిదో క్యాబేజీ మడి దాటాడు, కొత్తగా పరిచిన మట్టి మీదికొచ్చాడు. తొమ్మిది వందలు. మొక్కల వరసలన్నీ అయిపోయాయి. ఇంకా ఉంది లెక్క. వెయ్యి. కట్ట ఎక్కి దిగాడు, రోడ్డు దాటాడు. వెయ్యిన్నూట నలభై అనేసరికి ఆయన బూటు సారా కొట్టు గడప మీద ఉంది.

ఈ సంగతి ఆయన కన్నా ముందు ఇంటికి చేరింది.

"ఆహా! ఎంత బాగా తెలుసో ఆ కాళ్లకి!" అంది రఫీలా గుమ్మంలోనే. "మా తమ్ముణ్ని వెతకమంటే సారా కొట్టుకు తీసుకెళ్లాయి. గాడిదను వదిలేసినా దాని కొట్టానికే పోతుంది."

"లోపలికి వెళ్లలేదే."

"ఎందుకు వెళ్లలేదు? నీ లెక్క ప్రకారం మీరోన్ అక్కడే కూచుని ఉండాలిగా, ఓ గ్లాసు పోయించకపోయావా?"

అవ్రామ్ గడప మీద కూచుని బూట్లు విప్పుకున్నాడు. ఆయనకు నిజంగానే అంతుపట్టలేదు. అంకె తప్పు కాదు, దిక్కూ తప్పు కాదేమో. మరి నేలే పొడుగు తగ్గిందా? కుంగిన నేల కదా, ఏమో, కుంగితే కుదించుకుపోతుందా? రాత్రి భోజనం దగ్గర ఇదే అడిగితే రఫీలా సంకటి గిన్నె లాగేసుకుంది.

బుధవారం లాయోష్ దగ్గరికి పోయాడు. లాయోష్ హంగేరియన్ ముసలాడు, ఎనభై దాటాయి, గనిలో కొలతల బృందంలో గొలుసు పట్టినవాడు. గని మూసేటప్పుడు పారేసిన కాగితాల్లోంచి ఓ పటం తెచ్చి పరుపు కింద దాచుకున్నాడు. ఎందుకంటే ఆయనకే తెలియదు. ఒవానా కూడా కుతూహలం కొద్దీ తన కొలతల ఫోను పట్టుకుని వెంట వచ్చింది.

పటం బల్లమీద పరిచారు. ఎక్కడ చూసినా సన్నటి గీతలు, అంకెలు. లాయోష్ వేలు ఒక గీత వెంట పాకి ఆగింది. "ఇదిగో మీ సొరంగం."

"ఇది భూమ్మీద ఎక్కడొస్తుంది తాతా?" అంది ఒవానా.

"చర్చి శిఖరం నుంచీ, మైదానం దగ్గర పాతిన రాయి నుంచీ కొలిచాం."

"ఆ రాయెక్కడుంది?"

"చెరువులోకి పోయింది. నేలతో పాటే."

"పోనీ, చర్చి ఉందిగా."

"ఉంది, శిఖరం జానెడు ఒరిగింది. ఏ వైపు నుంచి కొలుస్తావు, ఒరిగిన వైపు నుంచా, ఒరగని వైపు నుంచా?" అని ముసలాడు కిసుక్కున నవ్వాడు.

ఒవానా చాలాసేపు ఫోనులో ఏదో కుస్తీ పట్టి, చివరికి పటం మీద ఓ సున్నా చుట్టింది. "ఈ వలయంలో ఎక్కడో ఉంటుంది. అటూ ఇటూ నలభై మీటర్లు."

అవ్రామ్ ఆ సున్నా వంక చూశాడు. నలభై మీటర్లంటే కనీసం అరవై స్లీపర్లు. మనిషి తల జానెడు. ఇంటికెళ్లి ఈ మాట చెబితే రఫీలా ఏమంటుందో ఆయన చెవుల్లో అప్పుడే వినపడుతోంది.

"దిక్కు మాత్రం సందేహం లేదు" అన్నాడు లాయోష్. "బోను నుంచి పొగగొట్టం వైపు, దారం పట్టినట్టు. దూరమే తేలాలి. అది సరే, సోమవారం నువ్వెలా నడిచావురా?"

"ఎలా అంటే? కాళ్లతోనే."

"నిటారుగానా?"

"మరి?"

ముసలాడు బల్ల చరిచాడు. "ఓరి నీ తెలివి తెల్లారా! ఆ సొరంగంలో నిటారుగా నడిచిన మొనగాడు ఎవడురా? కప్పు దిగి, నేల ఉబ్బి, నీ ఎత్తుకు నడుం మడిస్తే గానీ దూరేవాడివి కాదు. సారా కొట్టుకు పోయే అడుగులతో బొగ్గు దగ్గరికి పోతావా?"

అవ్రామ్ తన కాళ్ల వంక చూసుకున్నాడు. నాలుగేళ్లుగా నిటారుగా నడుస్తున్నాడు, అంతకుముందు వంగి నడిచేవాడన్న సంగతే మరిచిపోయాడు. మనిషి ఇంత తేలిగ్గా ఎలా మరిచిపోతాడని ఇంటిదారి పొడుగునా బుర్ర గోక్కున్నాడు.

గురువారం ఇంకో తలనొప్పి. చోటు సంగతి రేపు చూసుకోవచ్చు, చెట్టయినా సిద్ధం చేద్దామని తెల్లవారుతూనే కొండెక్కాడు. నడుమెత్తు దేవదారును ఏరుకుని, ఒవానా నేర్పినట్టే వేళ్లు తెగకుండా చుట్టూ తవ్వి, మట్టిముద్దతో సహా గోనెలో చుట్టి, భుజాన మోసుకొచ్చి వాకిట్లో దించాడు. ఈసారైనా మెప్పు దొరుకుతుందనుకున్నాడు.

రఫీలా గోనె విప్పి చూసింది. "ఇదేమిటి?"

"దేవదారు."

"వేళ్లెందుకున్నాయి?"

"వేళ్లు లేకపోతే చచ్చిపోతుంది కదే."

"చావాలయ్యా! చావాలి!" రఫీలా రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. "ఈ లోయకొచ్చి ముప్పై ఆరేళ్లయింది, ఎన్ని చావులకు రాలేదు నువ్వు? పెళ్లికాని పిల్లాడి దేవదారును నరికి తెస్తారు. వేరు ఉండకూడదు. వాడికి వేరు నిలవలేదు కాబట్టి దీనికీ ఉండదు. నిలబెడతారు, అది దానంతట అది ఎండి, దానంతట అది పడిపోతుంది. అప్పుడు గానీ వాడు కుదుటపడడు. వేరున్న చెట్టు పిల్లల్ని కన్నవాడికి!"

అవ్రామ్ నిజంగా నిర్ఘాంతపోయాడు. సమాధుల దగ్గర రిబ్బన్లు కట్టిన దేవదార్లను ఎన్నో చూశాడు. ఎండి గోధుమరంగుకు తిరిగితే, పాపం వీళ్లెవరూ నీళ్లు పొయ్యరు కాబోలు అనుకునేవాడు. అడుగున వేరుందో లేదో వంగి ఎవరు చూస్తారు? ఒకచోట మొక్క బతకాలట, ఊపిరాడాలట, వందకు ఎనభై లెక్క చెప్పాలట. ఇంకోచోట చెట్టు చావాలట. రెండూ ఒకే నేలమీద, ఒకే వారంలో, తన చేతులతోనే జరగాలి. ఎవరి మాట వినాలో తెలియక ఆ గోనె పక్కనే మెట్టుమీద కూలబడ్డాడు.

"ఇప్పుడిది ఏం చెయ్యను?"

"ఎక్కడ పీక్కొచ్చావో అక్కడే పెట్టిరా. దాని ఉసురెందుకు మనకి?"

శుక్రవారం పొద్దున్నే రఫీలా మొక్కలు నాటేవాళ్లలో ఇద్దర్ని కొండకు తోలింది. లెక్క ప్రకారం పెళ్లికాని కుర్రాళ్లు నరికి తేవాలి. ఇక్కడ కుర్రాళ్లెక్కడ? ఉన్నవాళ్లందరికీ బట్టతలలు. ఒకడు విడాకులు తీసుకున్నవాడు, ఇంకోడు పెళ్లాం పోయినవాడు. "ప్రస్తుతానికి ఒంటరివాళ్లే కదా, చాలు" అంది రఫీలా. రెండు నిలువుల దేవదారును మోసుకొచ్చి కొత్త నేల గట్టుమీద పెట్టారు. ఎర్ర రిబ్బన్లు కట్టింది. పైకొమ్మకు మీరోన్ తెల్ల రుమాలు కట్టింది, పెట్టెలో ముప్పై ఒక్క ఏళ్లు దాచింది.

ఒవానా ఆ చెట్టును చూసి గాభరా పడింది. "నా మొక్కల మధ్య ఎండిపోయే చెట్టా? రేపు తనిఖీకి వచ్చేవాళ్లకి ఏం చెప్పను పిన్నీ?"

"అది మొక్క కాదని చెప్పు. పెళ్లికొడుకని చెప్పు" అంది రఫీలా.

మధ్యాహ్నం పన్నెండింటికి అవ్రామ్ కాంక్రీటు మూత దగ్గర నిలబడ్డాడు. పాత రబ్బరు బూట్లు వేసుకున్నాడు, పాత హెల్మెట్ పెట్టుకున్నాడు. నడుం మడిచాడు. కళ్లు తెరిచి ఉంటే క్యాబేజీలూ కోళ్లూ కనపడి అడుగు చెడిపోతోందని కళ్లు మూసుకున్నాడు. రఫీలా వెనక నుంచి బెల్టు పట్టుకుని, పొగగొట్టం వైపు ఆయన్ని తిప్పింది.

"పద" అంది. "నేను లెక్కపెడతా. నువ్వు నడువు."

గుడ్డి ఎద్దును తోలినట్టు తోలుకుపోతోందని మొక్కలు నాటేవాళ్లు గట్టుమీంచి నవ్వారు. క్యాబేజీ మడి ఆవిడ కేకలేసింది. అవ్రామ్‌కు అవేమీ పట్టలేదు. మొదట కాళ్లు తడబడ్డాయి, రెండు వందల దగ్గర కుదురుకున్నాయి. మూడు వందల దగ్గర మోకాళ్లు నొప్పెట్టాయి, ఆ నొప్పి కూడా పాతదే. అయిదు వందల దగ్గర సొరంగంలో కుడివైపు నీళ్లు కారేవి, ఆయన ఎడమకు జరిగాడు. రఫీలా సరిదిద్దబోయి, ఆగి, జరగనిచ్చింది. ఏడు వందల దగ్గర చెయ్యెత్తి గాల్లో దేన్నో పట్టుకుని, తల ఇంకా కిందికి వంచి దాటాడు. గట్టుమీద నవ్వులు ఆగిపోయాయి. వాళ్లూ ఆ సొరంగంలో తిరిగినవాళ్లే. ఏడు వందల దగ్గర ఇనుప కమాను వంగి ఉండేదని వాళ్లకూ తెలుసు.

"వెయ్యిన్నూట ముప్పై ఎనిమిది, తొమ్మిది, నలభై" అంది రఫీలా.

అవ్రామ్ కళ్లు తెరిచాడు. కొత్త నేల మధ్యలో ఉన్నాడు. సారా కొట్టు ఎక్కడో దూరంగా ఉంది. చుట్టూ నిన్న నాటిన అకేషియాలు. పక్కకు వంగి, పెట్టె ఉండాల్సిన చోట గాల్లో చెయ్యేశాడు.

"ఇక్కడే. నన్ను లాగడానికొచ్చిన వాళ్లకు దొరికినప్పుడు నేను ఇలా ఉన్నాను." బోను వైపు ముఖం తిప్పి, చెయ్యి పెట్టెమీద ఉంచినట్టే ఉంచాడు. "వాడు నా వెనక."

రఫీలా ఆయన వెనక్కి నాలుగు పొట్టి అడుగులు వేసి నిలబడింది. "ఇక్కడా?"

"ఆ, అక్కడే."

"తల ఎటు? నీవైపు పడ్డాడా, వెనక్కి పడ్డాడా? తల దగ్గర నిలపాలి కదా. నువ్వు తిరిగి చూశావుగా, మళ్లీ అలాగే తిరిగి చూడు. దీపం ఎటు ఒరిగింది?"

అవ్రామ్ తిరగబోయాడు. వెయ్యిసార్లు చెప్పినట్టే, పెట్టెమీద చెయ్యి, భుజం మీంచి చూపు. మెడ తిరగలేదు. మళ్లీ ప్రయత్నించాడు. ఒళ్లంతా బోను వైపే లాగుతోంది. మోకాళ్లు, నడుం, అరికాళ్లు, అన్నీ అటే. ఆ భంగిమలో ఆ రోజు ఏం చేశాడో ఒంటికి గుర్తుంది, నోటికే లేదు. ముఖం చెమటతో తడిసిపోయింది.

"నేను తిరగలేదే, రఫీలా."

"ఏమిటీ?"

"ఆ రోజు తిరగలేదు. దీపం చూళ్లేదు. వాడు నా పేరు పిలిచాడు, ఒక్కసారి. నేను పరిగెత్తాను. పెట్టె తగిలి పడ్డాను."

"మరి నాలుగు స్లీపర్లు?"

"మీ అమ్మ అడిగింది. 'నా బిడ్డ ఒంటరిగా ఉన్నాడా' అని. ఏదో ఒక అంకె చెప్పాలిగా. నాలుగన్నాను. తర్వాత అదే నిజమనిపించింది. నాకే తెలీలేదు."

రఫీలా ముఖం పాలిపోయింది. "ముప్పై ఒక్క ఏళ్లు! ఆ నాలుగు స్లీపర్లు పట్టుకునే మా అమ్మ ప్రాణం వదిలింది. 'అవ్రామ్ పక్కనే ఉన్నాడు, నా బిడ్డ ఒంటరిగా పోలేదు' అంటూ పోయింది. నీ పక్కన పడుకున్నాను, నీకు వండి పెట్టాను, ఆ నాలుగు స్లీపర్లకే నీకు పెళ్లాన్నయ్యాను!"

ఒవానా నేల చూపులు చూస్తోంది. కొడుతుందేమో అనుకున్నాడు అవ్రామ్. కొట్టినా బాగుండుననుకున్నాడు.

రఫీలా ముక్కు చీదింది. చరచరా గట్టు దగ్గరికి పోయి, దేవదారును ఇద్దరిచేత మోయించుకొచ్చి, మొదలు ఆయన భుజానికెత్తింది. "పిలిచినప్పుడు ఎంత దూరంలో ఉన్నాడు?"

"తెలీదు."

"అయితే ఇప్పుడు తిరుగు" అంది. "తిరిగి పో వాడి దగ్గరికి."

అవ్రామ్ తిరిగాడు. చెట్టు మొదలు భుజాన, కొమ్మలు వెనక నేలమీద ఈడ్చుకుంటూ వస్తుంటే, నడుం మడిచి, బోనుకు వీపు పెట్టి, పొట్టి పొట్టి అడుగులు వేశాడు. నాలుగు దాటాడు. ఆరు. రఫీలా లెక్కపెట్టడం మానేసింది. ఎక్కడ ఆగాలో ఆయనకు తెలియదు, ఎవరూ చెప్పరు. అయినా నడిచాడు. పదకొండో అడుగు దగ్గర కాలు పైకి లేవలేదు. ముందు ఓ అకేషియా మొక్క ఉంది, నిన్న తనే నాటింది, మొదలు చుట్టూ రాళ్లు దిగ్గొట్టి ఉన్నాయి.

"ఇక్కడ" అన్నాడు.

"ఎలా తెలుసు?"

అవ్రామ్ చెట్టు మొదలును భుజం మీంచి దించాడు. "తెలీదు" అన్నాడు.

రఫీలా కళ్లు తుడుచుకుంది. "ముప్పై ఒక్క ఏళ్లకి మా తమ్ముడి గురించి నిజం చెప్పడం మొదలెట్టావు. తవ్వు."

ఒవానా ముందుకొచ్చి ఆ అకేషియాను తనే పెకలించింది. రాళ్లు గట్టిగా దిగ్గొట్టి ఉన్నాయేమో, చాలాసేపు పట్టింది. పక్క వరసలో ఖాళీ చూసుకుని నాటింది. అవ్రామ్ నడుం లోతు తవ్వాడు. మట్టి కింద గని రాయి తగిలితే గునపంతో పగలగొట్టాడు. దేవదారును నిలబెట్టి, చుట్టూ రాళ్లు దిగ్గొట్టి, మడమతో తొక్కాడు. ఊపిరాడనివ్వమని ఈసారి ఒవానా అనలేదు. ఆ పని ఆయనకు బాగా వచ్చు. నరికిన మాను నిటారుగా నిలబడింది, రుమాలు గాలికి ఆడింది.

అవ్రామ్ వంగి, వేలి కణుపులతో రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గాడు.

"ఏమంటోంది?" అంది రఫీలా.

"గట్టిగానే పలుకుతోంది."

"మోస్తుందా?"

అవ్రామ్ చెవి ఇంకా మానుకు ఆనించే ఉంచాడు.

"మోస్తుంది" అన్నాడు.